ఒక్కో చుట్టు

ఆ ఆదివారం పొద్దున బావ కారు ఆగలేదు.

ఆగలేదంటే అసలుకే ఆగలేదని కాదు, ఆగాల్సిన చోట ఆగలేదు. నాలుగు రోడ్ల కూడలిలో ఎర్ర లైటు పడింది. బావ పెడల్ మీద కాలేశాడు. పక్క వరసల్లో బళ్లన్నీ బుద్ధిగా నిలబడ్డాయి. బావ కారు మాత్రం తెల్ల గీత దాటింది, జనం నడిచే చారలు దాటింది, రోడ్డు దాటుతున్న ఒక పెద్దావిడ చేతిసంచీకి బంపరు తగిలాక గానీ నిలబడలేదు. సంచీలో నారింజలు రోడ్డంతా దొర్లాయి. ఆవిడకి ఏమీ కాలేదు గానీ, కాకపోవడానికీ కావడానికీ మధ్య జానెడు దూరం కూడా లేదు.

బావ పక్కన కూర్చున్న అక్క తలుపు తీసుకుని నడిరోడ్డు మీద దిగిపోయింది. నారింజలన్నీ ఏరి సంచీలో వేసింది. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఏదో చెప్పింది. తర్వాత బావ వైపు కన్నెత్తి చూడకుండా ఇంటిదాకా నడిచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా నాకు ఫోన్ చేసింది.

"ఒరే, నువ్వు రా. ఆ కారు ఆగేట్టన్నా చెయ్యి, లేదా తగలెయ్యి. రెండింట్లో ఏది చేసినా నాకు ఇష్టమే."

నేను బస్సు డిపోలో బ్రేకుల మెకానిక్కుని. ముప్పయ్యొక్క ఏళ్లుగా అదే పని. రోజుకి వేలమంది ఎక్కి దిగే బళ్లు నా చేతి కింద నుంచి వెళ్తాయి. కానీ సొంత అక్క మొగుడి కారు కింద ఒక్కసారి కూడా దూరలేదు. దూరనిస్తే కదా.

బావ సర్వే ఆఫీసులో మ్యాపులు గీసి రిటైరయ్యాడు. వెంట్రుక మందం గీత పక్కకి పోతే కాగితం చింపేసి మళ్లీ మొదలుపెట్టే మనిషి. ఆ కారు వాళ్ల నాన్నది. తొంభై ఏళ్ల నాటిది. నల్ల రంగు, పుల్లల చక్రాలు, గుడ్లగూబ కళ్లలాంటి రెండు పెద్ద లైట్లు. దాంట్లో ప్రతి మేకూ ఆనాటిదే ఉండాలని బావ పంతం. సీటు చిరిగితే ఆ కాలపు తోలు దొరికేదాకా రెండేళ్లు స్టూలు వేసుకుని నడిపాడు. బ్రేకులు కూడా ఆనాటివే. ఆయిలు లేదు, గాలి లేదు. పెడల్ తొక్కితే కారు అడుగున అడ్డంగా ఉన్న ఇరుసు తిరుగుతుంది, అది నాలుగు ఇనప రాడ్లని లాగుతుంది, ఒక్కో రాడ్డు ఒక్కో చక్రం దగ్గర చిన్న లీవర్ని లాగుతుంది, లోపల బ్రేకు షూలు విచ్చుకుని డ్రమ్ముని పట్టుకుంటాయి. అంతా కాలి బలమే.

నేను వెళ్లేసరికి బావ వరండాలో కూర్చుని ఉన్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఆయిల్ బ్రేకులు పెట్టేద్దాం బావా," అన్నాను. "వారం పని. పైకి ఏమీ కనపడదు."

"కనపడకపోతే లేనట్టేనా?"

"మనిషి పోతే మాత్రం కనపడుతుంది."

మూడు వారాల్లో పాత కార్ల ఊరేగింపు ఉంది. నలభై కార్లు కొండెక్కి, పైన నీళ్ల ట్యాంకు చుట్టూ తిరిగి, అవతలి వైపు నుంచి దిగాలి. ముందు రోజు తనిఖీ. ఆనాటిది కాని భాగం ఒక్కటి కనపడినా అసలైన కార్ల వరస నుంచి తీసేస్తారు. బావ ఆరేళ్లుగా దాని కోసం చూస్తున్నాడు.

"ఆయిల్ బ్రేకు పెడితే అది మా నాన్న కారు కాదు," అన్నాడు చివరికి.

లోపల్నుంచి అక్క గొంతు వినపడింది. "ఆగకపోతే అది అసలు కారే కాదు."

ముగ్గురం ఒక ఒప్పందానికి వచ్చాం. నాకు పది రోజులు. అరిగినదాన్ని బాగుచెయ్యొచ్చు, దాని రూపం మార్చకూడదు. అప్పటికీ ఆగకపోతే కారు షెడ్డులోనే ఉంటుంది. ఇదంతా బావ తల ఊపి ఒప్పుకున్నాడు, పన్ను పీకించుకోవడానికి ఒప్పుకున్నట్టు.

షెడ్డు ముందు వాలు ఉంది. వాలు చివర గేటు, గేటు అవతల రోడ్డు, రోడ్డుకి అవతల టైలరు కొట్టు. ఆ కొట్టు గురించి ఇక్కడే చెప్పాలి.

ఏడేళ్ల క్రితం ఆ కారు వాలు మీద నిలిపి ఉండగా దానంతట అదే కదిలి, తెరిచి ఉన్న గేటులోంచి వెళ్లి, కొట్టు బయట మిషను కుడుతున్న టైలరు కాలు మీదకి ఎక్కింది. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. ఆ రోజు కారు నడిపి తెచ్చి నిలిపింది అక్క. అప్పట్లో తను బాగా నడిపేది, బావకంటే బాగా. "హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగి ఉండవు," అన్నాడు బావ. అక్క లాగాననే అంది. రెండు రోజులు అంది. మూడో రోజు నుంచి అనడం మానేసింది. మళ్లీ స్టీరింగు ముట్టుకోలేదు. టైలరు కాలితో తొక్కే మిషను వదిలేసి మోటారు పెట్టించుకున్నాడు. అక్క వారానికోసారి ఏదో ఒకటి వండి పట్టుకెళ్తుంది. రోడ్డు దాటేటప్పుడు తల దించుకునే దాటుతుంది.

సోమవారం సెలవు పెట్టి పని మొదలెట్టాను. కారుని నాలుగు స్టాండ్ల మీదకి ఎత్తి కిందకి దూరితే, మొదటి గంటలోనే సగం జబ్బు తెలిసింది. రాడ్లు కలిసే చోట్ల మొత్తం పద్నాలుగు కీళ్లున్నాయి. ప్రతి కీలు దగ్గరా పిన్ను అరిగి సన్నబడింది, పిన్ను దూరే కన్నం కోడిగుడ్డులా సాగింది. ఒక్కోచోట అర మిల్లీమీటరు ఆట. పద్నాలుగు చోట్ల కలిపితే? పెడల్ సగం దూరం ఈ ఆట తీరడానికే సరిపోతోంది. చక్రానికి కబురు అందేసరికి కాలు నేలకి ఆనుతోంది.

"చూడండి," అని బావని కిందకి పిలిచి రాడ్డు పట్టుకుని ఊపాను. పాత మంచంలా లొటలొట ఆడింది.

"ఇది అరుగుదలేగా? అరుగుదల బాగుచెయ్యొచ్చు," అన్నాడు బావ. గొంతులో ప్రాణం లేచివచ్చింది.

డ్రమ్ములూ రాడ్లూ విప్పి లేతు మేస్త్రమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిణ్ణి మా మెకానిక్కులందరూ 'పాయింటమ్మ' అంటారు. ఏ పని ఇచ్చినా "ఇంకొక్క పాయింటు తీస్తా" అంటుంది, వెంట్రుకంత ఇనుము గీసి కచ్చితంగా అక్కడే ఆగిపోతుంది. డ్రమ్ము మిషనుకి బిగించి తిప్పి, వేలు అంచుకి ఆనీ ఆనకుండా పెట్టి చూసింది.

"ఇది గుండ్రమనుకుంటున్నావా? దోసకాయ. కొంచెం తీసి సరిచేస్తా. కానీ ఇదే ఆఖరు. ఇంకోసారి తీస్తే డ్రమ్ము పగులుతుంది. రాసి పెట్టుకో."

రాడ్ల కన్నాలు పెద్దవి చేసి లోపల ఉంగరాల్లాంటి పల్చటి ఇత్తడి బుష్షులు దింపింది. పాత కొలతకే కొత్త పిన్నులు చేసింది. పాత పిన్నులు పద్నాలుగూ బావ ఒక డబ్బాలో పెట్టి, ఏది ఎక్కడిదో కాగితం ముక్కల మీద రాసి అంటించాడు. షూల మీద డ్రమ్ముని పట్టే పొర, లైనింగు, గాజులా నున్నబడిపోయి ఉంది. అది పీకేసి, ఆ రోజుల్లో వాడిన తరహాలోనే నేత లైనింగు తెచ్చి రాగి రివిట్లతో బిగించాను. డ్రమ్ము లోపల సుద్ద పూసి షూ ఆనించి తిప్పితే సుద్ద అంచులకే అంటుకుంది. అంటే షూ మొత్తం డ్రమ్ముని తాకడం లేదన్నమాట. ఉప్పుకాగితంతో రుద్దడం, మళ్లీ సుద్ద, మళ్లీ రుద్దడం. ఒక్కో చక్రానికి ఒక పూట పట్టింది. బావ పక్కనే కూర్చుని సుద్ద అందించేవాడు. అన్నేళ్లలో మేమిద్దరం అంతసేపు ఒకచోట పోట్లాడుకోకుండా ఉన్నది అదే మొదటిసారి.

ఆరో రోజు మధ్యాహ్నం రాడ్ల దగ్గరికి వచ్చాను.

కంపెనీ వాళ్లు ఆనాడు ఇచ్చిన పుస్తకం బావ దగ్గర ఉంది. అట్ట వేసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచాడు. కారుతో వచ్చిన ప్రతి రాడ్డు పొడవూ అందులో ఉంది.

"ముందు కుడి చక్రం రాడ్డు చదవండి," అన్నాను.

బావ చదివాడు. నేను కొలిచాను. ముప్పావు అంగుళం తక్కువ.

"సరిగ్గా చదివారా?"

"నేను తప్పు చదవను."

ముందు ఎడమ. ముప్పావు అంగుళం తక్కువ. వెనక రెండూ దాదాపు అంగుళం తక్కువ. రాడ్డు చివర మరలు చూశాను. కొలత తగ్గాలంటే ఆ మర తిప్పి బిగించాలి. మర మీద బిగింపు నట్టు ఆరు మూలలూ ఒకే రకంగా గీసుకుపోయి ఉన్నాయి. ఒక మూతి వంకరపోయిన పానాతో పదే పదే తిప్పితే పడే గీతలు. అలాంటి పానా షెడ్డు గోడకి వేలాడుతోంది. బావ వాళ్ల నాన్న పానా. బావ తప్ప ఎవరూ ముట్టుకోరు.

"వీటిని ఎవరు తిప్పారు బావా?"

బావ పుస్తకం మూశాడు.

"పెడల్ లోపలికి పోతుంటే... కొంచెం బిగించేవాణ్ణి."

"ఎన్నిసార్లు?"

"ఏడాదికి ఒకసారి. ఒక్కో చుట్టు. అంతే. ఒక్కో చుట్టే కదా."

నేను కింద నుంచి బయటికి వచ్చి కూర్చున్నాను. ఎలా చెప్పాలో తెలియలేదు. "బావా, సైకిలు తొక్కుతారు కదా. పెడల్ ముందుకి అడ్డంగా ఉన్నప్పుడు తొక్కితే సైకిలు దూకుతుంది. పెడల్ పూర్తిగా కిందకి పోయాక ఎంత తొక్కినా కదులుతుందా? చక్రం దగ్గర లీవరు కూడా అంతే. అది ముందుకి వాలి ఉండాలి, లాగితే నిటారుగా రావాలి. మీరు రాడ్డు పొట్టి చేసిన కొద్దీ అది ముందే నిటారుకి వచ్చేసి, లాగితే వెనక్కి పడిపోతోంది. పెడల్ గట్టిగా తగిలేది, మీకు బాగైందనిపించేది. కానీ ఎంత గట్టిగా తొక్కితే అంత తక్కువ పట్టేది. అరుగుదల చక్రం దగ్గర సరిచెయ్యాలి. రాడ్లు ముట్టుకోకూడదని ఆ పుస్తకంలోనే రాసి ఉంటుంది చూడండి."

బావ చూడలేదు. ఆ పేజీ ఆయనకి తెలుసని నాకు అప్పుడే అర్థమైంది. మేకు కూడా మార్చనివ్వని మనిషి, సొంత చేతుల్తో ఇరవయ్యేళ్లుగా ఆ కారుని మార్చుకుంటూ వచ్చాడు.

జాలేసింది. అంతలోనే నా కళ్లు షెడ్డు గుమ్మంలోంచి వాలు మీదికి, గేటు మీదికి, అవతల కొట్టు బయట వంగి కుడుతున్న టైలరు మీదికి వెళ్లాయి.

"హ్యాండ్ బ్రేకు లాగేది కూడా ఈ రాడ్లనే కదా," అన్నాను.

బావ తల ఎత్తలేదు.

"అక్క ఆ రోజు లాగింది. పూర్తిగానే లాగింది. లాగినా పట్టదు ఇది. బావా, మీకు ఎప్పటి నుంచి తెలుసు?"

బావ పుస్తకం అట్ట సరిచేశాడు. తర్వాత నేలకేసి చూస్తూ చెప్పాడు. "ఆ ముందు రోజే ఒక చుట్టు బిగించాను. టైలర్ని ఆసుపత్రిలో చేర్చి ఇంటికి వచ్చాక అనుమానం వచ్చింది. అనుమానమే. ఆ మాట అప్పటికే అనేశాను కదా, లాగి ఉండవని. వెనక్కి తీసుకోలేకపోయాను. తర్వాత తర్వాత... నేనే నమ్మడం మొదలెట్టాను."

నాకు ఆయన్ని పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. కానీ నా చేతులూ శుభ్రంగా లేవు. ఆ రోజు నేనూ వచ్చాను. బ్రేకుల మెకానిక్కుని కదా అని అందరూ నన్నే అడిగారు. నేను కారెక్కి లీవరు లాగి చూశాను. బిగుతుగా, టకటకమని పళ్లు పట్టింది. "లీవరు బాగానే ఉంది," అని దిగిపోయాను. ఆ ఒక్క మాటే చివరికి అక్క నోరు మూయించింది. కిందకి ఒంగి చూస్తే ఐదు నిమిషాల పని.

"అక్కకి చెప్పాలి," అన్నాను.

"చెప్తాను. ఊరేగింపు అయిపోనీ."

"ఇవాళే."

"రెండు వారాలేనోయ్. ఏడేళ్లు ఆగింది..."

"ఆ మాటే అనకండి."

పెడల్‌నీ అడ్డ ఇరుసునీ కలిపే పిన్ను నా చేతిలో ఉంది. అది లేకపోతే కారుకి బ్రేకే లేదు. దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాను. "మీరు చెప్పేదాకా ఇది వెయ్యను. డిపోకి వెళ్లిపోతాను. ఇంకో మెకానిక్కుని చూసుకోండి."

బావ లేచాడు, మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ లేచి ఇంట్లోకి వెళ్లాడు. నేను షెడ్డులో నిలబడ్డాను. లోపల్నుంచి అరుపు వస్తుందేమోనని చెవులు రిక్కించాను. గిన్నె కింద పడ్డ చప్పుడు కూడా రాలేదు. అదే భయమేసింది.

పావుగంట తర్వాత అక్క ఒక్కతే వచ్చింది. కళ్లు పొడిగానే ఉన్నాయి.

"చూపించు," అంది.

"అక్కా, నేను..."

"మాటలొద్దు. చూపించు. ఆ రోజు ఎలా ఉందో అలా పెట్టి చూపించు."

ఆ రోజు తర్వాత బావ బిగించిన చుట్లన్నీ రాడ్లలో వెనక్కి విప్పాను. చక్రాల దగ్గర షూలు కూడా ఆ రోజు ఉన్నంత వదులుకి తిప్పాను. ఆ పిన్ను వేశాను. కారు దించి, చక్రాలకి దుంగలు పెట్టుకుంటూ, నేనూ బావా కలిసి వాలు మీదకి తెచ్చాం. గేటు మూసి గొళ్లెం పెట్టాను. ముందు చక్రాలకి అడుగు దూరంలో రెండు లావుపాటి దుంగలు అడ్డంగా పడేశాను.

రోడ్డు అవతల టైలరు తలెత్తాడు. వాలు పైన నల్ల కారు, స్టీరింగు ముందు అక్క. మిషను ఆపాడు. బల్ల పట్టుకుని లేచి, కుంటుకుంటూ కొట్టు లోపలికి వెళ్లి నిలబడ్డాడు.

అక్క అది చూసింది. హ్యాండ్ బ్రేకు పట్టుకుని లాగింది. టక టక టక. ఇంకా లాగింది. రెండు చేతులతో, సీటులోంచి లేచి మరీ లాగింది. మెడ మీద నరాలు ఉబ్బాయి.

"తియ్యి," అంది.

చక్రం కింద దుంగ తన్నాను. ఒక క్షణం కారు కదల్లేదు. కదలకపోతే? నేను చెప్పిందంతా తప్పైతే? అప్పుడు, ఎవరో వెనక నుంచి మెల్లిగా తోసినట్టు, కారు జారింది. అడుగు దూరం జారి దుంగలకి ధన్‌మని తగిలి ఆగింది. అక్క చేతులు ఇంకా లీవరు మీదే ఉన్నాయి.

"మళ్లీ," అంది.

మళ్లీ చేశాం. మళ్లీ జారింది. మూడోసారి అక్కర్లేదంది.

కారు దిగి బావ ఎదుట నిలబడింది. "వెళ్లి టైలరన్నకి చెప్పండి."

"నువ్వు కూడా రా..."

"నేను ఏడేళ్లు వెళ్లాను. ఇప్పుడు మీరు వెళ్లండి. నేను గేటు దగ్గర నిలబడతాను."

బావ గేటు తీసుకుని రోడ్డు దాటాడు. ఇరవై అడుగుల రోడ్డు అది. ఆయన దాటడానికి చాలాసేపు పట్టింది. కొట్టు గుమ్మంలో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. మాటలు వినపడలేదు. టైలరు మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకుంటూ విన్నాడు. చివర్లో ఏదో ఒక మాట అని లోపలికి వెళ్లిపోయాడు. అది ఏమిటో తర్వాత టైలరే నాకు చెప్పాడు. "నా కాలు సంగతి నాతో చెప్పడం తేలికే సార్. అమ్మగారికి చెప్పారా, లేదా? చెప్పకపోతే ఇక్కడి నుంచి ముందు అక్కడికి వెళ్లండి."

బావ తిరిగి వచ్చేసరికి అక్క నా వైపు తిరిగింది.

"ఆ రోజు నువ్వు కూడా లీవరు లాగి చూశావు కదరా."

"చూశాను."

"కిందకి ఒంగలేదు."

"లేదక్కా."

ఇంకేమైనా అంటుందని చూశాను. అనలేదు. "టీ పెడతాను, తాగి పని చెయ్యి," అని లోపలికి వెళ్లింది. తిట్టి ఉంటే బాగుండేది.

మిగిలిన నాలుగు రోజులూ ఆ ఇంట్లో గడియారం చప్పుడు కూడా గట్టిగా వినపడేది. అక్క బావకి అన్నం పెట్టేది, అడిగినదానికి జవాబు చెప్పేది, అంతకు మించి ఒక్క మాట లేదు. నేను రాడ్లు పుస్తకంలోని కొలతకి తిప్పాను. లీవర్లు ముందుకి వాలి నిలబడ్డాయి. నాలుగు చక్రాలూ గాల్లోకి ఎత్తి, పెడల్‌కీ సీటుకీ మధ్య కర్ర పెట్టి కొంచెం కొంచెం నొక్కుతూ, ఒక్కో చక్రాన్నీ చేత్తో తిప్పి చూశాను. వెనక చక్రాలు ఒక పిసరు ముందు పట్టాలి, ముందు చక్రాలు వెంటనే అందుకోవాలి, కుడీ ఎడమా ఒకే బిగువుగా ఉండాలి. బావ కుడివైపు తిప్పేవాడు, నేను ఎడమవైపు. "నాది బిగుతు." "నాది ఇంకా వదులు." అవే మా మాటలు.

పదో రోజు కారుని మళ్లీ వాలు మీద నిలిపాం. అక్క లీవరు లాగింది. మూడు పళ్లకే బిగిసింది. నేను దుంగలన్నీ తీసేశాను. కారు రాయిలా నిలబడింది. అక్క దిగలేదు. అరగంట దాంట్లోనే కూర్చుంది, అద్దంలోంచి ముందుకి చూస్తూ. దిగాక ఒకటే మాట చెప్పింది.

"కొండ మీంచి కారు నేను దింపుతాను."

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే అక్క ఖాళీ రోడ్ల మీద కారు తిప్పింది. పక్క సీటులో నేను. మొదటి రోజు గేరు గుంజి అరిపించింది. నాలుగో రోజుకి చేతులకి పాత సంగతులన్నీ గుర్తొచ్చాయి.

తనిఖీ రోజున ఇన్‌స్పెక్టరు లైటు పట్టుకుని కారు కిందకి దూరి నలభై నిమిషాలు బయటికి రాలేదు. వచ్చి అడిగాడు. "పిన్నులు కొత్తవి?"

బావ డబ్బా తెరిచి పద్నాలుగు పాత పిన్నులూ చూపించాడు. ఆయన ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పి, అరిగిన చోట గోరుతో తడిమాడు.

"రాడ్లు పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. ఇలా ఎక్కడా చూడలేదు. ఎవరు పెట్టారు?"

"మా బావమరిది," అన్నాడు బావ. కొంచెం ఆగి, "పాడు చేసింది నేను," అన్నాడు. ఇన్‌స్పెక్టరుకి అర్థం కాలేదు. అక్క అటు తిరిగి నిలబడి ఉంది, వినపడిందో లేదో తెలియలేదు.

కొండ ఎక్కడం సులువుగానే అయింది. దిగుడు ఏడు మలుపులు. అక్క స్టీరింగు ముందు, పక్కన బావ, వెనక సీటులో నేను. మా ముందు ఒక పసుపుపచ్చ టాపు లేని కారు. రెండో మలుపు దగ్గరికే దాని వెనక చక్రాల నుంచి కాలిన వాసన మొదలైంది.

"దూరం ఉంచు," అన్నాను.

"ఉంచాను," అంది అక్క. చిన్న గేరులోకి దించింది. ఇంజిను మూలిగి బండిని పట్టి ఆపింది. ఎడమ పక్క గోడ లేదు, మోకాలెత్తు రాళ్లు మాత్రమే, వాటి అవతల గాలి. బావ చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కసారి కూడా "మెల్లిగా" అనలేదు. అనకుండా ఉండటానికి దవడ బిగించడం నాకు వెనక నుంచి కనపడుతోంది.

ఐదో మలుపు తిరగ్గానే పసుపు కారు రోడ్డుకి అడ్డంగా ఉంది. బ్రేకులు వదిలేసి ఉంటాయి, నడిపే ఆయన దాన్ని కొండ వైపు తిప్పి గుద్దించాడు. వెనక సగం రోడ్డు మీదే ఉంది. దాని పక్కన ఒకావిడ అప్పుడే దిగి, తలపట్టుకుని నిలబడింది, మా వైపు వీపు పెట్టి.

అక్క పెడల్ తొక్కింది.

నా కాళ్లు రెండూ నేలని తన్నాయి. రాడ్లు బిగుసుకున్న చప్పుడు అరికాళ్లలో తెలిసింది. కారు ముక్కు కిందకి ఒంగింది, అటూ ఇటూ లాగలేదు. తిన్నగా, గీత గీసినట్టు పోతోంది. ఆవిడ వీపు మీది జడ, జడకి కట్టిన నీలం రిబ్బను దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చాయి. అక్క కాలు తియ్యలేదు, రెండోసారి తొక్కలేదు, అలాగే నొక్కి పట్టింది. వెనక చక్రం ఒకసారి కీచుమంది.

కారు ఆగింది. బంపరుకీ ఆవిడకీ మధ్య ఒక మనిషి పడుకోగలిగినంత దూరం ఉంది.

ఆవిడ అప్పుడు వెనక్కి తిరిగి చూసింది. చూసి, అక్కడే చతికిలపడింది.

"వెనక కారు వస్తుంది!" అని నేను దూకి మలుపు పైకి పరిగెత్తి చేతులూపాను. వెనక్కి చూస్తే బావ దిగి, మా కారు ముందు నుంచి, బంపరు ముందు నుంచి, పసుపు కారు దగ్గరికి వెళ్తున్నాడు. నిట్టనిలువు దిగుడు. కారులో అక్క ఒక్కతే. బావ సరిగ్గా కారుకి ఎదురుగా వంగి, కూలబడిన ఆవిణ్ణి లేపి, చెయ్యి పట్టుకుని రోడ్డు పక్కకి నడిపించాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి కారు వైపు చూసుకోలేదు.

పసుపు కారుని పదిమంది కలిసి పక్కకి నెట్టేసరికి గంట పట్టింది. మిగిలిన రెండు మలుపులూ అక్క నడక వేగంతో దించింది. బహుమతి మాకు రాలేదు. తనిఖీలో తప్పించుకున్న కుడివైపు అద్దం ఇరవయ్యేళ్ల తర్వాతి మోడల్‌దని కొండ కింద తేలింది. అది బావ వాళ్ల నాన్న ఎప్పుడో పెట్టించి ఉంటాడు, బావకే తెలియదు.

కొండ కింద మైదానంలో కార్లన్నీ వరసగా నిలిపారు. అక్క ఇంజిను ఆపింది. చేతులు స్టీరింగు మీంచి తియ్యలేదు. బావ దిగి, అటువైపు నుంచి చుట్టి వచ్చి, ఆమె వైపు తలుపు తీశాడు. ఏదో అనబోయాడు.

"కాసేపు ఉండండి," అంది అక్క.

"సరే," అన్నాడు బావ. తలుపు అలాగే పట్టుకుని ఎండలో నిలబడ్డాడు.